అక్రోటు పూర్ణం

గురువారంలోపు చేయాల్సినవి: అక్రోటు పప్పు కొనాలి. సోంపు వాసన వచ్చే స్పెయిన్ మందు ఇక్కడి షాపుల్లో దొరకదు కాబట్టి కెవిన్‌కి చెప్పి ఎక్కడినుంచైనా తెప్పించాలి. పొయ్యి వెనక గోడ మీది పసుపు మరకను ఇంకోసారి తోమాలి. అంచు లేచిపోయిన కాళ్ళపట్ట తీసేయాలి, ఎలోయినా కాలు తట్టుకుంటే పరీక్ష పెట్టేవాళ్ళు అదీ రాసుకుంటారు. పొగ అలారంలో బ్యాటరీ మార్చాలి. ఎలోయినా కళ్ళజోడు తుడవాలి, గోళ్ళు తీయాలి, లేవగానే ఈరోజు ఏ వారమో ఆమె చేత చెప్పించాలి. ఇవన్నీ అయ్యాక నూనె.

ఆ చివరి పనిని మధులిక రెండుసార్లు కొట్టేసి, మళ్ళీ రాసింది.

ఆదివారం నాడు ఎలోయినా కొడుకు కెవిన్ వచ్చి, జేబులోంచి నల్లటి స్టవ్ నాబ్ ఒకటి తీసి వంటింటి బల్ల మీద పెట్టాడు. మిగిలినవి అతని కారులోనే ఉన్నాయి. క్లాండాల్కిన్‌లోని ఎలోయినా ఇంట్లో గ్యాసు పొయ్యికి నాబులు లేక చలికాలం నుంచీ ఇనుప కాడలు మాత్రమే మిగిలాయి. ఆ చలికాలంలో ఒకరోజు ఎలోయినా మూకుడు పొయ్యి మీద పెట్టి ముందుగదిలోకి వెళ్ళి కూర్చుంది. చేతిగుడ్డ అంటుకుంది, గోడ నల్లబడింది. పక్కింటివాళ్ళు వచ్చి ఆర్పారు. ఆ సాయంత్రమే కెవిన్ నాబులు ఊడదీసుకుపోయాడు. అప్పటినుంచి ఆమెకు మైక్రోవేవ్ సూపులు, మధులిక తెచ్చే అన్నం.

“ఇది నీ దగ్గరే ఉండాలి మధూ,” అన్నాడు కెవిన్. “ప్రెస్‌లో, అదే అల్మారాలో, పెట్టొద్దు, సొరుగులో పెట్టొద్దు. ప్రాక్టీసు కాగానే ఊడదీసి నీ కోటు జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపో. అమ్మ చేతికి మాత్రం ఇవ్వకు.”

“అమ్మ ఇక్కడే ఉంది,” అంది కుర్చీలోంచి ఎలోయినా. “అమ్మకి చెవులు బాగానే వినిపిస్తున్నాయి.”

ఆమెకి ఎనభై దాటాయి. స్పెయిన్‌లో ఉత్తరాన కొండలూ వానా ఉండే అస్టూరియాస్ నుంచి పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చింది. మధులిక ఎం.ఎస్. చదువుతూ, క్లాసులు లేని పొద్దుటి పూటల్లో ఆమెకి తోడుగా ఉంటుంది. గురువారం ఆసుపత్రి తరఫున ఒకావిడ వచ్చి, ఎలోయినా తన వంటింట్లో తానొక్కతే ఏదైనా వండుతుంటే కూర్చుని చూస్తుంది. పక్కనున్నవాళ్ళు చెయ్యి వేయకూడదు, మాట అందించకూడదు. ఆవిడ సరేనంటే ఎలోయినా ఈ ఇంట్లోనే ఉంటుంది. కాదంటే కిల్డేర్ దగ్గర ఒక వృద్ధాశ్రమంలో గది చూసి పెట్టాడు కెవిన్.

“అందరూ టీ, టోస్టు చేస్తారట అమ్మా. చాలట. టీ చేసెయ్, గ్రాండ్‌గా అయిపోతుంది.”

“టీ చేసి చూపించడానికి నేను నర్సరీ పిల్లనా? మా ఊరి కాసదియెల్లు చేస్తాను, అక్రోటు పెట్టి నూనెలో వేయించేవి.”

“అమ్మా, నూనె—”

“నూనే! రొట్టె కాల్చడం వచ్చని కాగితం ఇస్తే దాంతో ఏం చేసుకోను? నూనె దగ్గర నిలబడితేనే కదా నా పొయ్యి నాకిచ్చేది!”

కెవిన్ మధులిక వైపు చూశాడు. కోపంగా కాదు, పరీక్ష హాలు బయట నిలబడ్డ తండ్రిలా చూశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, “నువ్వు పక్కనుంటావు కదా?” అన్నాడు. ఉంటానంది. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఎంత పెద్ద మాటో తెలియలేదు.

సోమవారం మొదటి ప్రాక్టీసు. మధులిక నాబుని ఇనుప కాడకి తొడుగుతుంటే రెండుసార్లు పక్కకి జారింది. ఎలోయినా ఏప్రన్ కట్టుకుని ఆ తంటా చూస్తూ నిలబడింది.

“పరీక్ష నాకా, నీకా?”

“మీకే ఆంటీ.”

“మరి నువ్వెందుకు చెమటలు కక్కుతున్నావు?”

పిండి ఎక్కడుందని ఆమె రెండుసార్లు అడిగింది. రెండోసారి అడిగినప్పుడు పిండి డబ్బా ఆమె చేతిలోనే ఉంది. గుడ్డు కొట్టి పచ్చసొన గిన్నెలో వేసి, పెంకుల్ని ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసింది. మధులిక పెదవి కొరుక్కుంది. గురువారం ఇలా చేస్తే? ఇవన్నీ లెక్కలోకి వస్తాయా?

కానీ పిండిలో చెయ్యి పడ్డాక ఆమె వేరే మనిషైంది. వెన్న, కాస్త నూనె, కాస్త తెల్ల వైన్ పోసి కలిపిన ముద్దను అరచేతి మొదలుతో ముందుకు నెట్టి, వేళ్ళతో వెనక్కి లాక్కుంది. తడిగుడ్డ కప్పింది. పొడి చేసిన అక్రోటు పప్పులో చక్కెర, రెండు చుక్కల సోంపు మందు, చారెడు నీళ్ళు వేసి గరిటెతో తిప్పింది. తిప్పి, చూపుడువేలు గిన్నెలో ముంచి, నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

“ఊఁ,” అంది. కళ్ళు తెరిచింది. ఆ తర్వాత చేతులు ఎక్కడా ఆగలేదు. పిండిని పల్చగా ఒత్తి, కత్తితో పలకలుగా కోసి, ఒక్కొక్క పలకలో చెంచాడు పూర్ణం పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి, రెండు కొసలూ ఫోర్కుతో నొక్కింది. మధ్యలో మళ్ళీ వేలు నాకింది. మళ్ళీ పెట్టింది.

ఇవి కజ్జికాయలే కదా అనుకుంది మధులిక. కొబ్బరి బదులు అక్రోటు, చెక్క అచ్చు బదులు ఫోర్కు. పలాసలో తన తల్లి నూనె పొంగకుండా బాణలిలో చింతపండు రెబ్బ వేసేది. ఎలోయినా చల్లటి నూనెలో నిమ్మతొక్క వేసింది.

“ఇదే నా గడియారం,” అంది. “తొక్క ఎర్రబడితే నూనె పిలిచినట్టు. నల్లబడితే మించిపోయినట్టు. నువ్వేంటి ఇహా, గోడకి అతుక్కుపోయావు?”

ఇహా అంటే కూతురా అని. ఎలోయినాకి మనసు బాగున్నప్పుడు వచ్చే మాట.

“నాకు నూనె అంటే భయం ఆంటీ.”

“మంచిది. నాకూ భయమే. భయం లేనివాళ్ళే ముందుగదిలోకి వెళ్ళి కూర్చుంటారు.” అని, పొయ్యి వెనక గోడ మీది మరక వైపు చూసింది. ఆ రోజు ముందుగదిలోకి వెళ్ళి కూర్చున్నది ఎవరో ఆమెకి గుర్తుంది.

ఆఖరి వాయి తీశాక మంట ఆర్పి, నాబుని లాగేసి తన ఏప్రన్ జేబులో వేసుకుని తట్టింది. “ఇప్పుడు కెవిన్ నిద్రపోవచ్చు.”

మధులిక చెయ్యి చాపింది. ఎలోయినా ఆ చేతిని చాలాసేపు చూసి, నాబు తీసి అందులో పెట్టింది. తన ఇంట్లో తన పొయ్యి మరను పరాయిపిల్లకి అప్పజెప్తున్న ఆ ముఖాన్ని చూడలేక మధులిక కోటు కోసం వెతుక్కుంది.

మంగళవారం సాయంత్రం సిటీవెస్ట్ ఫ్లాటులో మధులిక కోటు విదిలిస్తే నాబు కిందపడి మంచం కిందికి దొర్లింది. గది పంచుకునే నిఖిల వంగి తీసింది. ఆమెది జగిత్యాల.

“ఏందే ఇది? పొయ్యి నాబు జేబుల ఏస్కోని తిరుగుతున్నవా? రేపు పొయ్యి గూడ సంచిల పెట్టుకొస్తవా ఏంది?”

మధులిక అంతా చెప్పింది. నిఖిల మంచం మీద కాళ్ళు ముడుచుకుని విన్నది.

“గవి మా దిక్కు గరిజెలే గదనే. గరిజెలు చేసుడు సూసెతందుకు ఆసుపత్రి నుంచి మనిషొస్తదా! మా నానమ్మకైతే గిట్ల పరీక్ష పెడితే, గరిటెతోనే కొడ్తుండె.”

“నవ్వకే. నాకు రెండ్రోజుల నుంచి తిండి సయించట్లేదు. ఆవిడ బాగానే చేస్తుందే, కాకపోతే మధ్యమధ్యలో... పెంకులు ఫ్రిజ్‌లో పెట్టేసింది. పూర్ణంలో వేలు ముంచి నాకుతుంది. ఒకసారి కాదు, ఎన్నిసార్లో.”

“అదే వేలు మళ్ల గిన్నెల పెడ్తదా?”

“పెడ్తుంది.”

“ఛీ, ఎంగిలి! గా మేడం ముంగట నాకిందనుకో, ఇగ అయిపాయె. శుభ్రత లేదని రాస్తది. నీ మీదికే వస్తది సూడు, నువ్వేం నేర్పినవ్ అంటరు. ఆ ముసలామెకు నూనె పడి ఏమన్నయితే? గార్డ్స్, గీ పోలీసోళ్లు, వస్తే ఏం జెప్తవ్?”

నవ్వుతూ అన్న మాటే గానీ చివరికొచ్చేసరికి ఇద్దరికీ నవ్వు రాలేదు. మధులిక నాబుని గుడ్డలో చుట్టి దిండు పక్కన పెట్టుకుంది. పెంకుల సంగతి తన చేతుల్లో లేదు. నూనె సంగతీ లేదు. వేలు నాకడం మాన్పించడం ఒక్కటే తను చేయగలిగింది. చిన్నప్పుడు పూర్ణం గిన్నెలో వేలు పెట్టినందుకు తల్లి ముంజేతి మీద గరిటె కాడతో కొట్టింది. దేవుడికి పెట్టకముందు రుచి చూడకూడదు. ఉప్పో చక్కెరో తక్కువైతే వాసనతో తెలుసుకోవాలి. ఎలోయినాకి అది చెప్పాలి, అంతే.

బుధవారం పొద్దున వాన. ఎలోయినా కాళ్ళపట్ట తీసేసిన చోట నిలబడి, అది ఏమైందని అడిగింది. పిండి కలిపింది, పూర్ణం తిప్పింది. వేలు గిన్నెలో ముంచి నోటిదాకా తెచ్చింది.

“ఆంటీ, వద్దు!”

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఎలోయినా ఉలిక్కిపడింది. వేలు అప్పటికే నోట్లో ఉంది.

“మా ఇళ్ళల్లో వండుతూ రుచి చూడరు ఆంటీ. ఎంగిలి అంటాం. నోటి తడి తగిలింది ఇంకొకరికి పెట్టకూడదు. మొదటిది దేవుడికి పెట్టాకే ఎవరైనా తినేది. రేపు ఆవిడ చూస్తుంటే మీరు వేలు నాకితే బాగోదు. రాసుకుంటారు.”

“దేవుడికా? అందులో మందు పోశాను కదా.”

“దేవుడి సంగతి వదిలేయండి. రేపు ఆవిడ సంగతి.”

ఎలోయినా వేలు బయటికి తీసి ఏప్రన్‌కి తుడుచుకుంది. ఆ చేతిని వెనక్కి దాచుకుంది. బడిలో మాస్టారికి దొరికిపోయిన పిల్లలు దాచుకున్నట్టు.

“సరే. నాకను,” అంది. “రేపు నాకను.”

ఆ రోజు మిగతా పని ఎప్పటిలాగే జరిగింది. కాకపోతే చుడుతూ చుడుతూ, “నాకను, నాకను,” అని గొణుక్కుంటూనే ఉంది. మధులికకి ఒక బరువు దిగినట్టే అనిపించింది. సాధించానని కూడా అనిపించింది.

గురువారం వచ్చినావిడ పేరు ఓర్లా. తడి గొడుగు వసారాలో పెట్టి, బూట్లు విప్పనా అని అడిగి, వంటింట్లో కిటికీ పక్కన కూర్చుంది. ఒడిలో అట్ట, దాని మీద కాగితాలు. మంచి మనిషిలాగే ఉంది. మధులికకి అదే ఇంకా భయంగా ఉంది.

“నువ్వు ఆ తలుపు దగ్గర కూర్చో మధులికా. ఏం జరిగినా మాట్లాడకు. ప్రమాదమైతే నేనే ఆపుతాను. కెవిన్, మీరు ముందుగదిలో ఉండండి.”

కెవిన్ వెళ్ళాడు. గోడవతల అతను అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.

“ఈరోజు ఏ వారం ఎలోయినా?”

“గురువారం. వాన కూడా. అది అడగక్కర్లేదు, ఇక్కడ రోజూ వానే.”

ఓర్లా నవ్వింది. మధులిక ఊపిరి పీల్చుకుంది.

పిండి డబ్బా ఎలోయినాకి ఒక్కసారికే దొరికింది. గుడ్డు పెంకులు చెత్తబుట్టలోకే వెళ్ళాయి. ముద్ద కలిపి, తడిగుడ్డ కప్పింది. చేతులు కడుక్కుంది. అక్రోటు పొడి, చక్కెర, మందు, నీళ్ళు. తిప్పింది. గరిటె పక్కన పెట్టి, చూపుడువేలు గిన్నె మీదికి తెచ్చింది.

అక్కడ ఆగింది. తల తిప్పి మధులిక వైపు చూసింది. మధులిక ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు. కానీ వద్దు అన్నది ఆమె ముఖంలో ఉండే ఉంటుంది. ఎలోయినా వేలు ముడుచుకుంది, చెయ్యి వెనక్కి తీసుకుంది. గిన్నె మీద గుడ్డ కప్పి, దాన్ని రొట్టెల డబ్బా పక్కకి నెట్టేసింది. కాసేపు తన చేతుల వైపు చూస్తూ నిలబడింది, అవి ఎవరివో అన్నట్టు. తర్వాత అప్పడాల కర్ర అందుకుంది.

పల్చగా ఒత్తింది. పలకలుగా కోసింది. ఒక పలక తీసుకుని, చుట్టి, కొసలు ఫోర్కుతో నొక్కింది. ఇంకోటి చుట్టింది. గిన్నె గుడ్డ కిందే ఉంది.

మధులికకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చుంది. గిన్నె ఆంటీ, గిన్నె. మాట నాలుక మీదికి వచ్చి ఆగింది. మాట్లాడితే పరీక్ష పోతుంది. మాట్లాడకపోతే? ఓర్లాకి ఇందులో పూర్ణం ఉండాలని తెలుసా? ఎలోయినా ఒక్కొక్కటీ నొక్కి, వరసగా పళ్ళెంలో పేరుస్తోంది. గీతలు ఎంత సమంగా పడ్డాయంటే చూస్తుంటే ఏడుపొస్తోంది.

ఇంకో భయం అప్పుడు పట్టుకుంది. లోపల గాలి తప్ప ఏమీ లేని కజ్జికాయ నూనెలో పడితే ఏమవుతుందో మధులికకి తెలుసు. ఉబ్బుతుంది. పగిలితే నూనె చిమ్ముతుంది.

నాబు తిరిగింది. మంట వెలిగింది. నిమ్మతొక్క చుట్టూ బుడగలు లేచాయి.

“నూనె కాగిందని ఎలా తెలుస్తుంది మీకు?” అడిగింది ఓర్లా.

“తొక్క చెప్తుంది.”

తొక్క ఎర్రబడ్డాక తీసేసి మొదటి రెండూ వదిలింది. అవి వెంటనే ఉబ్బాయి, బుడగల్లా పైకి తేలి పొర్లాయి. ఒకదాని కొస టప్పున విడింది. నూనె చిటపటమని ఎగిరింది. మధులిక కుర్చీ అంచుని రెండు చేతులా పట్టుకుంది. ఓర్లా లేవబోయింది. అప్పటికే ఎలోయినా ఒక అడుగు వెనక్కి వేసి, మంట తగ్గించి, మూత తీసుకుని మూకుడు మీద ఓరగా పెట్టింది. చప్పుడు తగ్గేదాకా కదలలేదు. తర్వాత మూత తీసి, చిల్లుల గరిటెతో వాటిని తిప్పింది. అన్నీ అయ్యాక మంట ఆర్పి, నాబు లాగి జేబులో వేసుకుని తట్టింది.

“ఇప్పుడు కెవిన్ నిద్రపోవచ్చు.”

ఓర్లా ఏదో రాసింది. మొహం విప్పారింది. “పొయ్యి దగ్గర మీరు నాకంటే నయం,” అంది. చక్కెర చల్లిన ఒక కాసదియెల్లా తీసుకుని విరిచింది. పెంకు పెళుసుగా విరిగింది. లోపల ఖాళీ.

“చాలా తేలిగ్గా ఉంది. లోపల ఏమీ ఉండదా?”

ఎలోయినా దగ్గరికొచ్చి విరిగిన ముక్కలోకి చూసింది. ఇంకోటి తీసి తనే విరిచింది. ఇంకోటి. బల్ల నిండా పెంకులు. గుడ్డ కింద గిన్నె వైపు చూసింది, మళ్ళీ పెంకుల వైపు చూసింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

“కెవిన్‌కి చెప్పకండి,” అంది. ఆ గొంతు మధులిక ఎప్పుడూ వినలేదు.

గోడవతల నడక చప్పుడు ఆగిపోయింది.

మధులిక లేచి నిలబడింది.

“నా వల్లే అయిందండీ.”

“మాట్లాడొద్దన్నాను మధులికా.”

“తెలుసండీ. రాసుకోండి. ఆవిడ ఎప్పుడూ పూర్ణం రుచి చూసి, ఆ తర్వాతే పెడతారు. సోమవారం అలాగే చేశారు, ఒక్కటి కూడా మర్చిపోలేదు. నేనే నిన్న వద్దన్నాను. మీరు చూస్తే బాగోదని. మా ఇంట్లో ఎంగిలి అంటారు. ఆవిడ వేలు పెట్టబోయి నన్ను చూసి ఆపేశారు. ఆ చెయ్యి ఆగిపోయేసరికి మిగతాది కూడా ఆగిపోయింది. నేను ఆపాను.”

ఓర్లా రాస్తున్న కలం ఆపింది. తర్వాత అట్టను కిటికీ గట్టు మీద బోర్లించింది.

“పిండి ఇంకా ఉందా?”

ఉంది.

“ఎలోయినా, మీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎలా చేస్తారో అలా చేయండి.”

ఎలోయినా లేచింది. గిన్నె మీది గుడ్డ తీసింది. వేలు చాపలేదు. గిన్నెని చూస్తూ, దాని పక్కన ఏం చేయాలో తెలియనట్టు నిలబడిపోయింది. కళ్ళు మధులిక మీదికి వచ్చాయి.

“పెట్టండి ఆంటీ.”

తల అడ్డంగా ఊపింది. “నాకను.”

మధులిక చేతులు కడుక్కుంది. బల్ల దగ్గరికి వచ్చి, గిన్నెలో తన చూపుడువేలు ముంచి, నోట్లో పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చేయని పని. చెవులు వేడెక్కాయి. అక్రోటు వగరు, సోంపు ఘాటు, తీపి. బాగుంది. ఏమనాలో తోచక, “చక్కెర తక్కువైంది ఆంటీ,” అంది.

“తక్కువా?” ఎలోయినా భుజాలు నిటారుగా లేచాయి. “నీకేం తెలుసు! నువ్వు పాయసంలో పోసే చక్కెరకి పళ్ళు ఊడతాయి.” వేలు గిన్నెలోకి దిగింది, నాలుక మీదికి వెళ్ళింది. కళ్ళు మూతపడ్డాయి.

“ఊఁ,” అంది. “సరిపోయింది.”

కళ్ళు తెరిచింది. చెయ్యి తనంతట తానే చెంచా అందుకుంది. పలక, చెంచాడు పూర్ణం, చుట్ట, ఫోర్కు. ఇంకో పలక. మళ్ళీ వేలు. ఈసారి ఎవరూ ఆపలేదు. కెవిన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, అతన్నీ ఎవరూ వెళ్ళమనలేదు.

ఈ వాయీ వేగి, నాబు మళ్ళీ ఏప్రన్ జేబులోకి చేరాక, వేడివేడిగా ఒకటి నోట్లో పెట్టుకుని ఓర్లా చెప్పింది: “నూనెతో వంట మాత్రం పక్కన ఒకరుంటేనే. ఒంటరిగా వద్దు. అలాగే రాస్తాను. ఈ ఇంట్లో ఉండలేదని మాత్రం రాయను.” గొడుగు తీసుకుంటూ మధులిక వైపు తిరిగింది. “పక్కన ఉండడమంటే అడ్డం ఉండడం కాదు కదా.” మధులిక తల వంచుకుంది.

కెవిన్ కారు దగ్గరికి వెళ్ళి వచ్చాడు. నాబుల్ని ఒక్కొక్కటే కాడలకి తొడిగాడు. ఒకటి చేతిలోంచి జారి దొర్లితే, ఎలోయినా తన ఏప్రన్ జేబులోంచి ఇంకోటి తీసి అందించింది. అతను దాన్ని తీసుకోకుండా తల్లి గుప్పిట మూశాడు. ఆఖరుగా మిగిలిన ఖాళీ కాడకి తన నాబుని ఆమే తొడిగింది.

ఆ సాయంత్రం లువాస్ ట్రామ్‌లో మధులిక కోటు జేబులో చెయ్యి పెట్టింది. నాబు లేదు. దాని బదులు కాగితంలో చుట్టిన కాసదియెల్లు రెండున్నాయి, నిఖిల కోసం. భయం మాత్రం జేబు ఖాళీ చేయలేదు. ఎండాకాలానికి తన చదువు అయిపోతుంది. ఆ పొయ్యి పక్కన ఎవరు నిలబడతారో తెలియదు. వేలు నాలుక మీదికి వెళ్ళినా చెయ్యి చెంచా అందుకోని రోజొకటి వస్తుందేమో, అదీ తెలియదు.

మీ ఇంట్లో పిండివంటలు చేసేనాడు, ఎవరైనా పెద్దావిడ పూర్ణం గిన్నెలో వేలు పెట్టి రుచి చూసిందనుకోండి. ఎంగిలి అన్న మాట మీ నోటిదాకా వస్తుంది. అది అనేముందు క్లాండాల్కిన్‌లో ఉన్న ఎలోయినాని ఒక్కసారి తలుచుకోండి.